ఫోల్డర్ తెరుచుకోకపోతే కోత మాకెందుకు?

వర్చువల్ డెస్క్‌టాప్‌లు నడిపే ఐటీ విభాగాలకు, మెడికల్ బిల్లింగ్ కంపెనీల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక మెడికల్ బిల్లింగ్ కంపెనీలో నైట్ షిఫ్టులో పనిచేస్తాను. అమెరికాలోని క్లినిక్‌లు, ఆస్పత్రులు ఇన్సూరెన్స్ కంపెనీలకు పెట్టిన క్లెయిములు ఎక్కడ ఆగాయో ఫోన్ చేసి కనుక్కోవడం, తిరస్కరించినవాటి మీద అప్పీలు పంపడం మా టీమ్ పని. ఆ పనికి కావాల్సిన షేర్డ్ ఫోల్డర్లు మాటిమాటికీ తెరుచుకోవు, అలా పోయిన సమయానికి కోత మాత్రం మా ఇన్సెంటివ్‌లో పడుతోంది. మా కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. వేరే కంపెనీల్లో ఉన్న స్నేహితులు, పాత సహోద్యోగులు కూడా ఇవే బాధలు చెబుతున్నారు కాబట్టి ఇది ఒక్క కంపెనీతో తేలే విషయం కాదు.

ఐటీ హెల్ప్‌డెస్క్‌కి టికెట్లు (నమోదు చేసిన ఫిర్యాదులు) పెట్టాం. మెయిళ్లు రాశాం. టీమ్ లీడర్‌తో, మేనేజర్‌తో చెప్పించాం. టౌన్‌హాల్ మీటింగులో లేచి అడిగాం. "నోట్ చేసుకున్నాం" అన్నారు, అంతకుమించి ఏమీ జరగలేదు. నెలాఖరులో ఇన్సెంటివ్ మాత్రం ఎప్పటిలాగే తగ్గి వచ్చింది. అందుకే ఈ మాటలు అందరి ముందూ చెప్పాల్సి వస్తోంది.

మా పని ఎలా సాగుతుందో తెలియనివాళ్ల కోసం కొంచెం వివరిస్తాను. మా ముందున్న కంప్యూటర్‌లో పని ఫైళ్లేవీ ఉండవు. లాగిన్ కాగానే ఎక్కడో సర్వర్‌లో నడుస్తున్న విండోస్ డెస్క్‌టాప్ మా తెర మీదకి వస్తుంది. దాన్నే వర్చువల్ డెస్క్‌టాప్ అంటారు. ఫ్లోర్ మీద మేం వీడీఐ అంటాం, కొన్నిచోట్ల సిట్రిక్స్ అనేస్తారు. పేషెంట్ల వివరాలు ఇళ్లలోని ల్యాప్‌టాప్‌లలోకి దిగకుండా ఉండటానికి ఇది మంచి ఏర్పాటే. 2020 మార్చి లాక్‌డౌన్ తర్వాత చాలా కంపెనీలు ఇంటి నుంచి పని నడపగలిగాయంటే దీని సాయం చాలా ఉంది. నేను దీన్ని తప్పుపట్టడం లేదు.

అయితే టీమ్ అంతా కలిసి వాడే ఫైళ్లు ఆ డెస్క్‌టాప్‌లో కూడా ఉండవు. అవి ఫైల్ సర్వర్‌లో షేర్డ్ ఫోల్డర్లుగా ఉంటాయి. మాకు ఎస్ డ్రైవ్ అని కనిపించేది అదే. డెనియల్ ట్రాకర్ (తిరస్కరించిన క్లెయిముల జాబితా), అప్పీల్ లెటర్ల నమూనాలు, ఏ ఇన్సూరెన్స్ కంపెనీకి ఎన్ని రోజుల గడువో రాసిపెట్టిన షీటు, స్కాన్ చేసిన ఈవోబీలు (ఏ క్లెయిముకి ఎంత చెల్లించారో ఇన్సూరెన్స్ కంపెనీ పంపే పత్రాలు) అన్నీ అందులోనే. ఎస్ డ్రైవ్ రాకపోతే డెస్క్‌టాప్ వచ్చినా మేం చేయగలిగింది ఏమీ లేదు.

మా ఫిర్యాదులు ఇవి.

1. లాగిన్ అయ్యాక డ్రైవ్ రావడం లేదు.

సాయంత్రం 6:30 షిఫ్టుకి ఫ్లోర్ అంతా ఒకేసారి లాగిన్ అవుతుంది. డెస్క్‌టాప్ వస్తుంది. ఎస్ డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ గుర్తు ఉంటుంది, లేదా అసలు ఎస్ డ్రైవే ఉండదు. హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తే ముందుగా వచ్చే మాట "ఒకసారి లాగాఫ్ అయి రండి". మళ్లీ లాగిన్, మళ్లీ ఎదురుచూపు. ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు.

ఇందులో వాడేవాళ్ల తప్పేమీ లేదు. డ్రైవ్‌ని తగిలించే పని లాగిన్ సమయంలో గ్రూప్ పాలసీ (కంప్యూటర్లన్నిటికీ ఐటీ ఒకేచోట పెట్టే సెట్టింగులు) గానీ లాగిన్ స్క్రిప్టు గానీ చేస్తుంది. నెట్‌వర్క్ సిద్ధం కాకముందే లాగిన్ అయిపోతే ఆ పని జరగకుండా పోతుంది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు, లాగిన్ అయ్యేటప్పుడు నెట్‌వర్క్ కోసం ఆగమని చెప్పే పాలసీ సెట్టింగు విండోస్‌లో ఏళ్ల నుంచి ఉంది. సర్వర్ పేరు మారినా స్క్రిప్టులో ఫోల్డర్ పాత చిరునామా అలాగే ఉండిపోవడం కూడా మామూలుగా జరిగేదే. ఏది కారణమో లాగ్‌లో (కంప్యూటర్ తనంతట రాసుకునే రికార్డులో) తెలిసిపోతుంది. ఫ్లోర్ మొత్తాన్ని రోజూ లాగాఫ్ చేయించే బదులు ఒక అడ్మిన్ (సర్వర్లు చూసుకునే ఐటీ ఉద్యోగి) ఒక పూట కూర్చుని ఆ లాగ్ చదివితే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

అరగంటేగా పోయింది అని మీకు అనిపించవచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీల ఫోన్ లైన్లు వాళ్ల టైం ప్రకారం నడుస్తాయి. అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం 5 గంటలంటే మనకి తెల్లవారుజామున 3:30. అక్కడ వేసవిలో గడియారాలు ముందుకు జరిపితే 2:30. ఆఫీసు వేళ దాటితే అవతల ఫోన్ ఎత్తేవాళ్లు దొరకరు. మొదట పోయిన సమయాన్ని చివర్లో కూర్చుని పూడ్చుకునే వీలు మాకు లేదు, క్యాబ్ కూడా మా కోసం ఆగదు. టార్గెట్ మాత్రం తగ్గదు. పైగా డౌన్‌టైమ్ (సిస్టమ్ వల్ల పని ఆగిన సమయం) లెక్క టికెట్ నంబర్ పడినప్పటి నుంచే మొదలవుతుంది. హెల్ప్‌డెస్క్ లైన్ కలిసేదాకా ఆగిన సమయం మేం పని చేయని సమయం కింద పడుతుంది.

2. టికెట్ మూసేస్తారు, ఫోల్డర్ మాత్రం తెరుచుకోదు.

ఒక ఉద్యోగిని కొత్త ప్రాజెక్టులోకి మారుస్తారు. ఆ ఫోల్డర్‌కి యాక్సెస్ కోసం టికెట్ పెడతాం. "యాక్సెస్ ఇచ్చాం" అని మెయిల్ వస్తుంది, టికెట్ క్లోజ్ అయిపోతుంది. ఫోల్డర్ మీద నొక్కితే "యాక్సెస్ డినైడ్". ఇంకా రాలేదని చెబితే, పాతది మూసేశాం, కొత్త టికెట్ పెట్టండి అంటారు.

ఇలా జరగడానికి రెండు కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి. అనుమతులు సాధారణంగా గ్రూపుల ద్వారా ఇస్తారు. లాగిన్ అయిన క్షణానికి మనం ఏయే గ్రూపుల్లో ఉన్నామో ఆ జాబితాతోనే సెషన్ (లాగిన్ నుంచి సైన్ అవుట్ దాకా) నడుస్తుంది. మధ్యలో కొత్త గ్రూపులో చేర్చినా, పూర్తిగా సైన్ అవుట్ అయి మళ్లీ లాగిన్ అయ్యేదాకా మామూలుగా ఆ అనుమతి పనిచేయదు. మాలో చాలామంది షిఫ్టు అవగానే విండో మూలనున్న ఎక్స్ నొక్కి లేచిపోతారు. దాంతో సెషన్ డిస్‌కనెక్ట్ అవుతుందే తప్ప ముగియదు. మర్నాడు తెరిస్తే నిన్నటి సెషనే, నిన్నటి జాబితాతోనే తిరిగొస్తుంది. ఈ ముక్క చేరిన రోజున ఎవరూ చెప్పరు, టికెట్ మూసే మెయిల్‌లోనూ ఉండదు.

రెండో కారణం మీకు బాగా తెలిసిందే. షేర్ (నెట్‌వర్క్‌లో పంచుకున్న ఫోల్డర్) మీద ఒక అనుమతి ఉంటుంది, లోపలి ఫోల్డర్ మీద ఎన్‌టీఎఫ్‌ఎస్ అనుమతి (డిస్క్ మీది ఫైళ్లకి విండోస్ పెట్టేది) ఇంకొకటి ఉంటుంది. నెట్‌వర్క్ నుంచి వచ్చేవాళ్లకి ఆ రెండిట్లో ఏది తక్కువైతే అదే వర్తిస్తుంది. లోపల మార్పులు చేసే హక్కు ఇచ్చి, షేర్ దగ్గర చదవడం వరకే వదిలేస్తే ఫైలు తెరుచుకుంటుంది గానీ సేవ్ కాదు. అడ్మిన్ గారు సర్వర్‌లోనే లాగిన్ అయి నేరుగా ఆ ఫోల్డర్ తెరిచి చూస్తే షేర్ అనుమతి అడ్డుపడదు కాబట్టి ఆయనకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. మా డెస్క్‌టాప్ నుంచి, మా లాగిన్‌తో చూడమని మేం అడిగేది అందుకే.

3. డెస్క్‌టాప్ మీద దాచిన ఫైలు మర్నాటికి ఉండదు.

మాకు ఇచ్చేది చాలావరకు పూల్‌లోని, అంటే అందరికీ ఉమ్మడిగా ఉండే డెస్క్‌టాప్. ఈరోజు ఒకటి, రేపు ఇంకొకటి. సైన్ అవుట్ అయ్యాక అది మాస్టర్ ఇమేజ్ (మొదట తయారుచేసిన ఖాళీ నమూనా) స్థితికి వెళ్లిపోతుంది. కొత్తగా చేరిన పిల్లలకి ఈ సంగతి తెలియదు. నల్గొండ నుంచి వచ్చి చేరిన ఒక అమ్మాయి ట్రైనింగ్‌లో ఉండగా ఎస్ డ్రైవ్ రాలేదని, తను పూర్తి చేసిన అకౌంట్ల నోట్సు అంతా ఒక ఎక్సెల్‌లో రాసి డెస్క్‌టాప్ మీద సేవ్ చేసుకుంది. డ్రైవ్ వచ్చాక అందులోకి మారుద్దామని అనుకుంది. ఇంతలో హెల్ప్‌డెస్క్ వాళ్లే లాగాఫ్ అయి రమ్మన్నారు. మళ్లీ వచ్చేసరికి తెర మీద రీసైకిల్ బిన్ తప్ప ఏమీ లేదు. ఆ రోజు ఆమె ప్రొడక్షన్ సున్నా అని నమోదైంది. ప్రొబేషన్‌లో ఉన్న మనిషికి ఒక సున్నా అంటే ఎంత టెన్షనో పై స్థాయిలో ఉన్నవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. చెప్పినట్టు లాగాఫ్ అయినందుకు ఆమెకి పడిన శిక్ష అది.

దీనికి మందు లేకపోలేదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను నెట్‌వర్క్‌లోకి మళ్లించే ఫోల్డర్ రీడైరెక్షన్ ఎప్పటి నుంచో ఉంది. యూజర్ ప్రొఫైల్ (మన సెట్టింగులు, సొంత ఫైళ్లు) మొత్తాన్ని ఒక డిస్క్ ఫైలుగా నెట్‌వర్క్‌లో ఉంచి, లాగిన్ అయినప్పుడు తగిలించే ఎఫ్‌ఎస్‌లాజిక్స్ ఉంది. దాన్ని మైక్రోసాఫ్ట్ 2018లో కొనేసింది, చాలా కంపెనీల దగ్గర ఉండే లైసెన్సులతోనే వాడుకోవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం కావాలి. ఆ డిస్క్ ఫైలు కూడా ఒక షేర్‌లోనే కూర్చుంటుంది. ఆ షేర్‌లో చోటు అయిపోయినా, అది అందకపోయినా లాగిన్ ఆగిపోతుంది, లేదా తాత్కాలిక ప్రొఫైల్ వచ్చి అంతా ఖాళీగా కనిపిస్తుంది. అప్పుడు మేం చేసిన పని మళ్లీ గాలికి పోతుంది. చోటు ఎంత మిగిలిందో ముందే చూసుకోవడం అడ్మిన్ల పని, అది మాకు కనిపించే విషయం కాదు.

4. ట్రాకర్ లాక్ అయి ఉంటుంది, తెరిచిన మనిషి ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు.

పగటి షిఫ్టులో ఒక అబ్బాయి డెనియల్ ట్రాకర్ తెరిచి పని చేసుకుంటాడు. టైం అవగానే ఎక్స్ నొక్కేసి ఎల్బీ నగర్ మెట్రో ఎక్కేస్తాడు. సర్వర్‌లో అతని సెషన్ బతికే ఉంటుంది, అందులో ఎక్సెల్ తెరిచే ఉంటుంది. రాత్రి మేం వచ్చి అదే ఫైలు తెరిస్తే, ఫలానా యూజర్ ఎడిట్ చేస్తున్నాడు, మీరు చదవడానికి మాత్రమే తెరవగలరు అని వస్తుంది. అతనికి ఫోన్ చేస్తే మెట్రోలో ఉంటాడు, లేదా భోజనం చేసి పడుకుని ఉంటాడు. అతన్ని తప్పుపట్టలేం. ఫైలు మూసే మార్గం అప్పుడు ఫైల్ సర్వర్ అడ్మిన్ చేతిలో ఉంటుంది. కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో తెరిచి ఉన్న ఫైళ్ల జాబితాలోకి వెళ్లి ఆ ఫైలుని మూయవచ్చు, లేదా ఆ సెషన్‌నే సైన్ అవుట్ చేయవచ్చు. కానీ రాత్రి హెల్ప్‌డెస్క్‌లో కూర్చునేవాళ్లకి ఆ హక్కు ఉండదు. అడ్మిన్ పొద్దున వస్తారు.

అప్పుడు అందరూ చేసేదే మేమూ చేస్తాం, కాపీ తీసుకుంటాం. "డెనియల్స్ న్యూ", "డెనియల్స్ న్యూ 2", "డెనియల్స్ ఫైనల్", దాని పక్కనే ఇంకొకరి పేరుతో మరో ఫైనల్. వారం తిరిగేసరికి ఏ అకౌంట్ మీద ఎవరు ఫోన్ చేశారో, ఏ అప్పీలు వెళ్లిందో, ఏది వెళ్లలేదో తేలదు. ఒకే క్లెయిమ్ మీద ఇద్దరు ఫోన్ చేస్తారు, ఇంకొకటి ఎవరి కంటా పడకుండా గడువు దాటిపోతుంది. మెడికేర్‌కి (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య ఇన్సూరెన్స్‌కి) క్లెయిమ్ పెట్టడానికి వైద్యం జరిగిన రోజు నుంచి ఏడాది, మొదటి అప్పీలుకి నిర్ణయం అందినప్పటి నుంచి 120 రోజులు గడువు. ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీల్లో అంతకన్నా బాగా తక్కువ ఇచ్చేవీ ఉన్నాయి. గడువు దాటితే ఆ డబ్బు సాధారణంగా ఆ క్లినిక్‌కి ఇక రాదు. అవతల ఇద్దరు డాక్టర్లు నడుపుకునే చిన్న క్లినిక్ అయితే అది వాళ్ల ఉద్యోగుల జీతం డబ్బు. ఇవతల మా ఖాతాలో "టైమ్లీ ఫైలింగ్ ఎర్రర్" అని పడి, క్వాలిటీ మార్కులు పోతాయి.

డిస్‌కనెక్ట్ అయిన సెషన్‌ని ఎంతసేపటికి ముగించాలో నిర్ణయించే సెట్టింగు ఉంది. దాన్ని ముట్టుకోకుండా వదిలేసినచోట ఆ సెషన్లు గంటలు గంటలు, ఒక్కోసారి రోజులు అలాగే ఉంటాయి. అలాగని పది నిమిషాలకే తెంపేయమని నేను అనడం లేదు. ఇంట్లో కరెంటు పోయి డిస్‌కనెక్ట్ అయినవాళ్ల పని సేవ్ కాకుండా పోకూడదు. పగటి షిఫ్టు ముగిసి రాత్రి షిఫ్టు మొదలయ్యేలోపు మిగిలిపోయిన సెషన్లు సర్దేలా పెడితే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. అసలు ఒకేసారి పదిమంది రాయాల్సిన ట్రాకర్‌ని మామూలు ఎక్సెల్ ఫైలుగా షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టడమే సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. కలిసి ఎడిట్ చేసుకునే ఏర్పాటు ఉన్నచోటికి దాన్ని మార్చాలి.

5. ఎవరికీ కనిపించకూడనివి అందరికీ కనిపిస్తున్నాయి.

ఈ లేఖలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే.

రాత్రి షిఫ్టు చేసే ఆడపిల్లలకి కంపెనీ క్యాబ్ ఇస్తుంది. క్యాబ్ రోస్టర్ ఒక ఎక్సెల్ షీటు. అందులో పేరు, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, గుర్తు కోసం పక్కనున్న గుడి పేరో సూపర్ మార్కెట్ పేరో, ఇంటి దగ్గర దింపే సమయం, అన్నీ ఉంటాయి. ఆ షీటు ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకి, సెక్యూరిటీ డెస్క్‌కి చాలు. కానీ "కామన్" అనే ఫోల్డర్‌లో పెట్టారు. కామన్ ఫోల్డర్‌కి ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్. ఫ్లోర్ మీద ఎవరైనా తెరవచ్చు, మార్చవచ్చు, నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. ఎవరో తెలియని నంబరు నుంచి "ఈరోజు లీవా? క్యాబ్‌లో కనబడలేదు" అని మెసేజ్ వస్తే ఆ అమ్మాయికి, ఇంట్లో తల్లిదండ్రులకి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఇలాంటి మెసేజ్ వచ్చాక ఉద్యోగం మానేసినవాళ్లు ఉన్నారు. రాత్రి షిఫ్టుకి పంపడానికి ఇంట్లో ఒప్పించుకోవడానికే ఎంతో కష్టపడి వచ్చినవాళ్లు వాళ్లు.

అదే కామన్‌లో జీతాల రివిజన్ షీట్లు కనిపిస్తాయి. ఒక క్లయింట్ పేషెంట్ల పుట్టినతేదీలు, రోగ నిర్ధారణ కోడ్‌లు ఉన్న ఫైళ్లు ఇంకో క్లయింట్ టీమ్‌కి కనిపిస్తాయి. అమెరికా హిపా (రోగుల వివరాల గోప్యత చట్టం) నిబంధనల్లో పనికి అవసరమైనంత మేరకే సమాచారం అందాలనే నియమం ఉంది. ఆ నియమం గురించి మాకు ప్రతి ఏడాదీ ట్రైనింగ్ ఇచ్చి పరీక్ష పెడతారు. పరీక్ష రాసిన డెస్క్‌టాప్ నుంచే ఈ ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయి. మన దేశంలోనూ 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చేశారు. తగిన భద్రతా చర్యలు తీసుకోకుండా డేటా బయటపడితే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేసే వీలు అందులో ఉంది. ఆ డేటాలో ఉద్యోగుల చిరునామాలు కూడా భాగమే.

అందరికీ రాసే హక్కు ఇవ్వడంలో ఇంకో ప్రమాదం ఉంది. 2017 మే 12న మొదలైన వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం) దాడి విండోస్ ఫైల్ షేరింగ్ పాత పద్ధతిలోని లోపాన్ని పట్టుకుని ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి పాకింది. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది, వేయనివాళ్లు ఎక్కువగా దెబ్బతిన్నారు. బ్రిటన్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో అపాయింట్‌మెంట్లు, ఆపరేషన్లు రద్దయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఆ లోపం మూసుకున్నా, ఇప్పటి రాన్సమ్‌వేర్‌కి ఒక్క యూజర్ లాగిన్ దొరికితే చాలు. ఆ యూజర్‌కి ఎక్కడెక్కడ రాసే హక్కు ఉందో అక్కడి ఫైళ్లన్నీ తాళం వేసేస్తుంది. పూల్ డెస్క్‌టాప్ సైన్ అవుట్‌తో శుభ్రమైపోతుంది, షేర్డ్ ఫోల్డర్ శుభ్రం కాదు. అందరికీ ఫుల్ కంట్రోల్ ఇస్తే ఒక్కరి పొరపాటు నొక్కుతో ఫ్లోర్ మొత్తం పని పోతుంది.

6. ఫైలు నెమ్మదిగా తెరుచుకుంటే మా ఇంటి నెట్ మీదకి తోస్తున్నారు.

కరీంనగర్ నుంచో, రాజమండ్రి నుంచో ఇంటి దగ్గర పనిచేసేవాళ్లు ఫోల్డర్ తెరవడానికి చాలా సమయం పడుతోందని చెబితే "మీ ఇంట్లో నెట్ బాలేదు, కనెక్షన్ మార్చుకోండి" అంటారు. కొందరు నెలకి ఎక్కువ డబ్బు పోసి మార్చుకున్నారు కూడా. ఏమీ మారలేదు. ఎందుకంటే మా ఇంటికి వచ్చేది తెర బొమ్మ, ఇంటి నుంచి వెళ్లేది మౌస్, కీబోర్డు కదలికలు. ఎస్ డ్రైవ్‌లోని ఫైలు ప్రయాణం వర్చువల్ డెస్క్‌టాప్‌కీ ఫైల్ సర్వర్‌కీ మధ్య జరుగుతుంది, మా ఇంటి దాకా రాదు. మౌస్ కదలిక బాగుండి, ఫైలు మాత్రమే నెమ్మదిగా తెరుచుకుంటోందంటే చూడాల్సింది ఆ దారిని. డెస్క్‌టాప్‌లు ఒక దేశంలోని డేటా సెంటర్‌లో, ఫైల్ సర్వర్ ఇంకో దేశంలో ఉంటే ఫైల్ షేరింగ్‌లో జరిగే వరస ప్రశ్నలు, జవాబులు అంత దూరం తిరిగి రావాలి. వేల ఫైళ్లున్న ఫోల్డర్ అయితే జాబితా రావడానికే చాలా సమయం పడుతుంది. రెండిటినీ ఒకే చోట పెట్టాలన్నది ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన విషయమే.

7. తొలగిన ఫైలు తిరిగి రాదు.

షేర్డ్ ఫోల్డర్‌లో డిలీట్ చేసింది మా రీసైకిల్ బిన్‌లోకి రాదు. పక్క ఫోల్డర్‌లోకి పొరపాటున లాగేసినా వెతకడం కష్టం. ఫైల్ సర్వర్‌లో షాడో కాపీలు (ఫైళ్ల పాత రూపాలని అప్పుడప్పుడు దాచే ఏర్పాటు) పెడితే "ప్రీవియస్ వెర్షన్స్" నుంచి యూజరే పాత ఫైలుని వెనక్కి తెచ్చుకోవచ్చు. చాలాచోట్ల అది ఆన్ చేసి ఉండదు. బ్యాకప్ ఉందంటారు గానీ, దాని నుంచి ఒక ఫైలు తీసి చూపించమంటే రోజులు పడుతుంది.

ఐటీ విభాగంలో పనిచేసే అన్నలకు, అక్కలకు ఒక మాట. మీరు ఎంతమంది ఉన్నారో, ఎన్ని డెస్క్‌టాప్‌లు చూసుకుంటున్నారో మాకు తెలుసు. రాత్రి రెండు గంటలకు ఒక్కరే కూర్చుని ఫోన్లు ఎత్తే హెల్ప్‌డెస్క్ ఉద్యోగి మీద మాకు కోపం లేదు, అతనికి హక్కులూ ఇవ్వలేదు, జవాబులూ ఇవ్వలేదు. మనుషుల్ని పెంచాల్సింది, సర్వర్‌కి డబ్బు ఇవ్వాల్సింది యాజమాన్యం. అందుకే ఈ లేఖ ఇద్దరికీ రాస్తున్నాను.

మేం కోరేవి ఇవి.

1. డౌన్‌టైమ్‌ని లాగిన్ ప్రయత్నం మొదలైన నిమిషం నుంచి లెక్కించాలి. లాగిన్ సమయాలు, సెషన్ సమయాలు సర్వర్ లాగ్‌లోనే ఉంటాయి, ఉద్యోగి స్క్రీన్‌షాట్లు పెట్టి రుజువు చేసుకోవాల్సిన అవసరం ఉండకూడదు. డ్రైవ్ రాని సమయానికి టార్గెట్ ఆ మేరకు తగ్గించాలి. ఇప్పటివరకు ఈ కారణంతో ఇన్సెంటివ్ కోసినవాళ్ల నెలల లెక్క మళ్లీ చూసి, కోసింది తిరిగి ఇవ్వాలి.

2. క్యాబ్ రోస్టర్‌ని ఈ వారంలోనే కామన్ ఫోల్డర్ నుంచి తీసేయాలి. మిగతావాటికన్నా ముందు ఇది జరగాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, మీటింగ్ అక్కర్లేదు. ట్రాన్స్‌పోర్ట్, సెక్యూరిటీ గ్రూపులకి మాత్రమే అనుమతి ఉన్న ఫోల్డర్ ఒకటి చేస్తే సరిపోతుంది. ఆ షీటుని ఇప్పటిదాకా ఎవరు తెరిచారో లాగ్ ఉంటే హెచ్‌ఆర్ దాన్ని చూడాలి, లాగ్ లేకపోతే ఇప్పుడైనా ఆన్ చేయాలి.

3. ప్రతి షేర్డ్ ఫోల్డర్‌కి ఒక బాధ్యుడు ఉండాలి. ఎవరికి యాక్సెస్ ఉందో ఆ బాధ్యుడు మూడు నెలలకోసారి చూసి సంతకం పెట్టాలి. అనుమతులు మనుషుల పేర్ల మీద కాకుండా గ్రూపుల మీద ఇవ్వాలి. ప్రాజెక్టు మారినవాళ్లని పాత గ్రూపు నుంచి అదే రోజు తీసేయాలి. అనుమతి లేని ఫోల్డర్లు అసలు కంటికి కనపడకుండా దాచే ఏర్పాటు విండోస్ సర్వర్‌లో ఉంది, దాన్ని వాడాలి.

4. యాక్సెస్ టికెట్‌ని ఉద్యోగి తన డెస్క్‌టాప్ నుంచి ఫైలు తెరిచి, మార్చి, సేవ్ చేసి చూపించాకే మూయాలి.

5. రాత్రి షిఫ్టులో కనీసం ఒకరికి, తెరిచి ఉండిపోయిన ఫైళ్లని మూసే హక్కు, మిగిలిపోయిన సెషన్లని సైన్ అవుట్ చేసే హక్కు ఇవ్వాలి. ప్రతి చర్యా లాగ్‌లో పడేలా పెట్టుకోండి, మాకు అభ్యంతరం లేదు.

6. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ నెట్‌వర్క్‌లో భద్రమయ్యేదాకా, లాగిన్ అయిన ప్రతివాళ్లకీ "ఇక్కడ సేవ్ చేసింది సైన్ అవుట్‌తో పోతుంది" అని వాల్‌పేపర్ మీదే పెద్ద అక్షరాలతో కనిపించాలి. సైన్ అవుట్‌కీ డిస్‌కనెక్ట్‌కీ తేడా చెప్పే ఒక పేజీ, తెలుగులో, చేరిన మొదటి రోజునే ఇవ్వాలి.

7. షాడో కాపీలు ఆన్ చేయాలి. నెలకోసారి బ్యాకప్ నుంచి ఒక ఫైలుని నిజంగా వెనక్కి తెచ్చి, ఎంతసేపు పట్టిందో టీమ్‌లకి చెప్పాలి.

తోటి ఉద్యోగులకు నా వినతి ఒక్కటే. ఈ రాత్రి నుంచి ఎక్స్ నొక్కి లేవకండి. స్టార్ట్ మెనూలోకి వెళ్లి సైన్ అవుట్ అవ్వండి. అప్పుడు ఇది మన తప్పు అనే వాదనకి చోటు ఉండదు. కామన్ ఫోల్డర్‌లో పక్కవాళ్ల ఫోన్ నంబర్లు, చిరునామాలు కనిపిస్తే కాపీ చేయకండి, ఎవరికీ పంపకండి, వెంటనే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి.

యాజమాన్యాలు పదిహేను రోజుల్లోగా దీనికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. పై ఏడు కోరికల్లో దేన్ని ఎవరు, ఏ తేదీలోగా చేస్తారో రాసి ఫ్లోర్ నోటీసు బోర్డు మీద పెట్టండి. చేయలేనిది ఉంటే ఎందుకు చేయలేరో అదే కాగితం మీద రాయండి. క్యాబ్ రోస్టర్ విషయానికి మాత్రం పదిహేను రోజులు ఆగలేం. వారంలోగా ఆ షీటు కామన్ ఫోల్డర్‌లోంచి పోకపోతే, మా ఫ్లోర్‌లోని మహిళా ఉద్యోగులు సంతకాలు చేసి క్లయింట్ కంపెనీ ప్రైవసీ అధికారికి నేరుగా రాస్తారు. ఆ ఉత్తరం ఇప్పటికే సిద్ధంగా ఉంది.

ఇట్లు,
హైదరాబాద్‌లో ఒక మెడికల్ బిల్లింగ్ కంపెనీ నైట్ షిఫ్టు ఉద్యోగి